కలిసి బతికే కాలనీలో కాంట్రాక్ట్ కార్మికుడికి చోటేది?

తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి నస్పూర్ నుంచి బహిరంగ లేఖ

మంత్రి గారూ,

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలైంది. సొంత జాగ ఉన్న పేద కుటుంబం ఇల్లు కట్టుకుంటే ప్రభుత్వం విడతలవారీగా 5 లక్షల రూపాయలు ఇస్తుంది. జాగ లేనివాళ్ల వంతు తర్వాత వస్తుందన్నారు. నస్పూర్‌లో ఏ గల్లీకి పోయినా ఆ వంతు కోసం చూసేవాళ్లే కనపడతారు. ఓపెన్‌కాస్ట్‌లో మట్టి ఎత్తే ప్రైవేటు కంపెనీల డ్రైవర్లు, క్వార్టర్ల మధ్య రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు, సింగరేణి ఆఫీసుల్లో కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్లు, మంచిర్యాల దుకాణాల్లో గుమాస్తాలు. వీళ్లకు జాగ లేదు. నెల తిరిగేసరికి కట్టాల్సిన కిరాయి మాత్రం ఉంది.

ఊరు చూస్తే వేగంగా మారిపోయింది. 2018లో నస్పూర్ మున్సిపాలిటీ అయింది. 2023 జూన్‌లో మంచిర్యాల జిల్లా సమీకృత కలెక్టరేట్ ఇక్కడే తెరుచుకుంది. 2025లో మున్సిపాలిటీ కాస్తా మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిసిపోయింది. కలెక్టరేట్ వచ్చిన చోట భూమి ధర ఊరుకోదు. ఎకరాల లెక్కన మాట్లాడుకునే జాగల గురించి జనం ఇప్పుడు గజాల లెక్కన మాట్లాడుకుంటున్నారు. నెల జీతం మీద బతికేవాడికి ఆ గజాలు ఏటేటా ఇంకా దూరం జరుగుతున్నాయి.

జాగ పిరమైన ప్రతిచోటా, విడివిడిగా కొనలేనివాళ్లు కలిసి కట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన ఎవరో ఒకరు ముందుకు తెస్తారు. పాశ్చాత్య దేశాల్లో దానికి కో-హౌసింగ్ అని పేరు. ఇరవై ముప్పై కుటుంబాలు కలిసి ఒక జాగ తీసుకుంటాయి. ఎవరి చిన్న ఇల్లు వాళ్లది. నడుమ అందరికీ ఒక పెద్ద ఉమ్మడి ఇల్లు, అందులో వంటగది, భోజనశాల, పిల్లలు ఆడుకునే గది. వారంలో కొన్ని రాత్రులు అందరూ కలిసి తింటారు, వంతులవారీగా వండుతారు, ఏ నిర్ణయమైనా కూర్చుని మాట్లాడుకుని తీసుకుంటారు. ముసలివాళ్ల ఒంటరితనానికి, చంటిపిల్లల తల్లుల అలసటకు ఇంతకంటే మంచి మందు ఉండకపోవచ్చు. అందుకే ఈ ఆలోచన మీ శాఖ బల్ల మీదికి వస్తే దాన్ని తోసేయమని ఈ లేఖ అడగడం లేదు. దాని మీద యాభై ఏళ్లుగా ఉన్న విమర్శలను ముందు చదివి, ఆ తర్వాత నస్పూర్‌కు రమ్మని అడుగుతోంది.

దీని పుట్టిల్లు డెన్మార్క్. 1964లో యాన్ గుడ్‌మండ్-హోయర్ అనే ఆర్కిటెక్టు స్నేహితులతో కలిసి కోపెన్‌హాగన్ శివారు హారెస్కోవ్‌లో జాగ కొన్నాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అడ్డం తిరిగారు. పిల్లలు ఎక్కువైతే గోల ఎక్కువవుతుందన్నారు. చివరికి ఆ జాగ అమ్ముకోక తప్పలేదు. 1967లో బోడిల్ గ్రే అనే రచయిత్రి, ప్రతి పిల్లకూ వందమంది తల్లిదండ్రులుండాలంటూ ఒక పత్రికలో వ్యాసం రాసింది. అది చదివి ఎన్నో కుటుంబాలు ముందుకొచ్చాయి. 1972లో సెట్టెడామెన్‌లో 27 ఇళ్లతో మొదటి కాలనీ వెలిసింది. అందులో చేరినవాళ్లు చాలావరకు సొంతంగా కూడా ఇల్లు కొనుక్కోగలిగిన చదువుకున్న ఉద్యోగులే. ఈ లోపాన్ని డెన్మార్క్ తొందరగానే గుర్తుపట్టింది. 1978లో టింగార్డెన్ అనే కాలనీని లాభాపేక్ష లేని గృహసంస్థ కిరాయి ఇళ్లుగా కట్టింది. 1981లో వచ్చిన సహకార గృహ చట్టం అప్పు పుట్టడం తేలిక చేసింది. డబ్బున్నవాళ్ల ఆలోచనను మామూలు జీతగాడి అందుబాటులోకి తెచ్చింది ప్రభుత్వమే. ఆ ఆలోచన తనంతట తాను అక్కడికి దిగి రాలేదు.

అమెరికాలో ప్రభుత్వం ఆ పని చేయలేదు. 1991లో కాలిఫోర్నియా డేవిస్‌లో మ్యూర్ కామన్స్ మొదలయ్యాక దేశమంతా ఇలాంటి కాలనీలు లేచాయి. వాటి మీద పరిశోధన చేసినవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పింది ఒకటే: అక్కడ ఉండేవాళ్లు దేశ సగటు కంటే బాగా చదువుకున్నవాళ్లు, కలిగినవాళ్లు, ఎక్కువగా తెల్లవాళ్లు. మేం అందరినీ రానిస్తామని ఆ కాలనీలవాళ్లు అంటే అందులో అబద్ధం ఏమీ లేదు. ఎవరినీ పొమ్మనలేదు. ఖర్చు దారే ఆ పని చేసింది.

ఆ దారి ఎలా ఉంటుందంటే, మొదట గుంపు కూడాలి. జాగ చూడాలి, బయానా ఇవ్వాలి, ఆర్కిటెక్టుకు, లాయరుకు డబ్బులు కట్టాలి. గృహప్రవేశానికి మూడేళ్లో ఐదేళ్లో పడుతుంది. అన్నాళ్లూ ఉన్న ఇంటి కిరాయి ఒకవైపు, రాబోయే ఇంటి వాయిదా ఒకవైపు మోయాలి. ఉమ్మడి ఇంటి ఖర్చు ప్రతి ఇంటి ధరలోనూ పడుతుంది. కాబట్టి ఇల్లు చిన్నదైనంత మాత్రాన ధర చిన్నదవదు. కాలనీ బాగుందని పేరొస్తే పదేళ్లకు ధర పెరుగుతుంది. మొదట్లో కష్టపడి చేరిన నర్సు, డ్రైవరు వెళ్లిపోయేటప్పుడు బజారు ధరకు అమ్ముతారు. వాళ్ల చోట్లోకి వచ్చేవాళ్లు మరో నర్సు, మరో డ్రైవరు అయ్యే అవకాశం తక్కువ. ఇరవై ఏళ్లు తిరిగేసరికి కాలనీ మరింత ఒకే రకం మనుషులదవుతుంది.

డబ్బు తర్వాత కాలం. కలిసి నిర్ణయించుకోవడమంటే మీటింగులు. నైట్ షిఫ్ట్ దిగి పొద్దున ఒళ్లు వాల్చే మనిషి, రెండు పూటలా పాచిపనికి పోయే ఆడమనిషి మీటింగులకు రాలేరు. రాలేనివాళ్ల మీద వచ్చినవాళ్లు నిర్ణయాలు చేస్తారు. వంట వంతు తప్పినవాడు, తోటపనికి రానివాడు అన్న మాట మెల్లగా పుడుతుంది. ఖాళీ సమయం కూడా ఆస్తి లాంటిదే, అదీ అందరికీ సమానంగా ఉండదు.

ఇక వంటిల్లు. డెన్మార్క్‌లో ఉమ్మడి వంటగది గురించి రాసినవాళ్లకు రాని ప్రశ్న ఇక్కడ మొదటి పూటే వస్తుంది. ఎవరు వండుతారు? ఎవరి చేతి వంట ఎవరు తింటారు? కూరలో ఏముంటుంది? కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో కులానికో వాడ ఉన్న సంగతి ఎవరూ దాచలేరు. పట్నంలో ఆ గీత మాయమైందనుకుంటే పొరపాటు. కిరాయి ఇల్లు వెతుక్కునేవాడిని ఇంటిపేరు అడుగుతారు, మాంసం వండుతారా అని అడుగుతారు, ముస్లిం అయితే ఇల్లు అప్పుడే నిండిపోయిందంటారు. ఒక గుంపు తన పొరుగువాళ్లను తానే ఎంచుకునే పద్ధతి ఇలాంటి సమాజంలోకి వస్తే ఏమవుతుందో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. మనసు కలిసినవాళ్లం కలిసి ఉంటాం అనే చక్కటి మాట వెనక కులం కలిసినవాళ్లే మిగులుతారు.

చట్టం అడ్డుకుంటుందా అంటే, పూర్తిగా అడ్డుకోదు. అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ సహకార గృహ సంఘం పార్శీలకు మాత్రమే సభ్యత్వం ఇస్తూ నియమం పెట్టుకుంది. అది చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నలుగురు కలిసి సంఘం పెట్టుకునే హక్కులో, ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించే హక్కూ ఉందని ఆ తీర్పు సారాంశం. సంఖ్యలో చాలా తక్కువగా ఉన్న పార్శీలు తమ ఉనికి కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమం అది, దాన్ని అర్థం చేసుకోవచ్చు. అదే నియమం బలమైన కులాల చేతికి వస్తే సంగతి వేరు. సర్కారు జాగలో, సర్కారు సొమ్ముతో కట్టే కాలనీకి ఆ వెసులుబాటు ఇవ్వకూడదు.

సర్కారు జాగ అంటే హైదరాబాద్ తప్పక గుర్తుకొస్తుంది. ఎంపీలు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసు అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల గృహ సంఘాలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నగర పరిధిలోని ప్రభుత్వ భూములు కేటాయించారు. 2010లో హైకోర్టు ఆ కేటాయింపులను కొట్టేసింది. 2024 నవంబర్ 25న ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా నేతృత్వంలోని ధర్మాసనం అదే సరైనదని తేల్చింది. ఇప్పటికే అవకాశాలున్న వర్గాలకు ప్రత్యేకంగా భూమి ఇవ్వడం రాజ్యాంగం చెప్పిన సమానత్వానికి విరుద్ధమంది. అందులో తక్కువ జీతం మీద బతికిన విలేకరులూ ఉన్నారు, ఏళ్ల తరబడి డబ్బు కట్టి ఎదురుచూసిన వాళ్ల బాధ నిజమైనదే. అయినా ఆ తీర్పు వేసిన ప్రశ్న మీ శాఖ గోడ మీద రాసి పెట్టుకోదగ్గది: సహకార సంఘం అన్న పేరు పెట్టుకోగలిగేవాళ్లు ఎవరు, ఆ పేరు కూడా పెట్టుకోలేనివాళ్లు ఎవరు?

మంత్రి గారూ, ఇప్పుడు నస్పూర్ సంగతి.

ఇక్కడ ఎవరూ కో-హౌసింగ్ అని పేరు పెట్టకుండానే వేలమంది పక్కపక్కన బతికారు. నస్పూర్ కాలనీ, శ్రీరాంపూర్ కాలనీ, సీసీసీ, కృష్ణా కాలనీ. సింగరేణి క్వార్టర్ల వరుసల్లో గోడకు గోడ ఆనుకుని ఇళ్లు. నల్లా వచ్చే వేళ అందరిదీ ఒకటే. ఆటలకు ప్రగతి స్టేడియం, జ్వరానికి కంపెనీ డిస్పెన్సరీ, బతుకమ్మకు ఇళ్ల నడుమ మైదానం. నైట్ షిఫ్ట్‌కు మగమనిషి బొగ్గుబాయికి పోతే పక్కింటామె ఒక కన్నేసి ఉంచేది. ఇదంతా పడమటి దేశాల ఆర్కిటెక్టులు గీసి సాధించాలనుకున్నదే. పైగా వాళ్లు సాధించలేనిది ఒకటి ఇక్కడ జరిగింది. క్వార్టర్ గ్రేడును, సీనియారిటీని బట్టి వచ్చేది. పక్కింటివాణ్ని ఎంచుకునే అవకాశం ఎవరికీ ఉండేది కాదు. ఏ వాడల నుంచి వచ్చినవాళ్లైనా ఒకే వరుసలో సర్దుకోవాల్సి వచ్చింది. కులం పోయిందని కాదు. ఇంటి తలుపు దగ్గర నిలబడి రావద్దనే అధికారం మాత్రం దానికి లేకుండా పోయింది. చేతిలో లక్షలు లేకపోయినా ఆ ఇంట్లోకి అడుగుపెట్టవచ్చు. అందుకే అది సాధ్యమైంది.

ఈ కాలనీలకూ గోడలున్నాయి. అధికారుల బంగళాలు వేరే చోట, కార్మికుల వరుసలు వేరే చోట. ఉద్యోగం ఉన్నంతవరకే ఇల్లు. దిగిపోయిన కార్మికుడు ముప్పై ఏళ్లు పెంచిన వేపచెట్టుతో సహా అన్నీ వదిలి పోవాలి. సొంతింటి కల గురించి కార్మిక సంఘాలు ప్రతి ఎన్నికలోనూ మాట్లాడేది ఇందుకే. అన్నిటికంటే ఎత్తైన గోడ మరొకటి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులుండేవాళ్లు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. పని తగ్గలేదు, చేసేవాళ్ల హోదా మారింది. వేలమంది కాంట్రాక్ట్ కార్మికులు అదే బొగ్గు కోసం, అదే దుమ్ములో పనిచేస్తున్నారు. వాళ్లకు క్వార్టర్ హక్కుగా రాదు. పర్మినెంట్ కార్మికుడి ఇంటి ముందు మోరీ శుభ్రం చేసే మనిషి ఆ వరుసలో ఉండలేక, రెండు వీధుల అవతల రేకుల గదికి కిరాయి కడతాడు. నస్పూర్‌కు నిజమైన వెలివాడ ఇప్పుడు ఈ గీత దగ్గర ఉంది.

సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన భూముల్లో ఏళ్లుగా ఇళ్లు వేసుకున్నవాళ్లకు జీవో 76 కింద పట్టాలిచ్చే పని జరిగింది. అది చాలా కుటుంబాల భయం తీర్చింది. పట్టా దొరికినవాడు అప్పటికే అక్కడ ఇల్లు కట్టుకోగలిగినవాడు. కిరాయిదారుకు ఆ కాగితంలో చోటు లేదు.

అయితే ఏం చేయాలి? జవాబు కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి బతుకుదెరువు కోసం వలసపోయిన పద్మశాలీలు తరాలుగా స్థిరపడిన షోలాపూర్ చూస్తే చాలు. అక్కడ తెలుగు మాట్లాడే ఆడవాళ్లు వేలమంది బీడీలు చుడతారు. తెలుగు మూలాలున్న కార్మిక నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నాయకత్వంలో వాళ్లు ఇళ్ల కోసం ఏళ్ల తరబడి పోరాడి సహకార సంఘం పెట్టుకున్నారు. వార్లీ ఆదివాసుల పోరాటం నడిపిన గోదూతాయి పరులేకర్ పేరు దానికి పెట్టారు. షోలాపూర్ పక్కన కుంభారిలో 10 వేల ఇళ్లు లేచాయి. ఇంటికైన 60 వేల రూపాయల్లో కేంద్రం ఒక వంతు, రాష్ట్రం ఒక వంతు, కార్మికురాలు ఒక వంతు పెట్టుకున్నారు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు అందించారు. ఆ దారిలోనే రాయనగర్‌లో చేనేత, మరమగ్గం, బీడీ కార్మికులకు, చెత్త ఏరేవాళ్లకు, డ్రైవర్లకు 30 వేల ఇళ్లు మొదలయ్యాయి. 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ వాటిలో 15 వేల ఇళ్లు అప్పగించారు. పార్టీలు వేరైనా పని ఆగలేదు, ఎందుకంటే అడుగుతున్నది సంఘటిత కార్మికులు.

షోలాపూర్‌లో ఉమ్మడి భోజనశాల లేదు. కో-హౌసింగ్ పుస్తకాల కొలతలకు అది సరిపోకపోవచ్చు. ఊరికి దూరం, బస్సు, నీళ్లు అనే కష్టాలూ ఉన్నాయి. కానీ సభ్యత్వం ఇచ్చింది ఆస్తిని చూసి కాదు, చేసే పనిని చూసి. తెలుగువాళ్లకు ఇంత పెద్ద ఉదాహరణ ఉండగా మన రాష్ట్రంలో దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కావడం బాధాకరం.

ప్రపంచంలో మరో రెండు పద్ధతులు మీ అధికారులు చదవాల్సినవి. ఉరుగ్వేలో 1968 గృహ చట్టం పరస్పర సాయ సంఘాలకు దారి వేసింది. 1970లో వాటి సమాఖ్య ఫుక్వామ్ ఏర్పడింది. ప్రతి కుటుంబం వారానికి 21 గంటలు కట్టడం పని చేస్తుంది. ముందుగా కట్టాల్సిన డబ్బుకు బదులు ఆ శ్రమే జమ అవుతుంది. ఇల్లు సంఘానిది, అందులో బతికే హక్కు కుటుంబానిది, కాబట్టి బజారులో అమ్మి ధర పెంచే మాటే ఉండదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 2013లో పూర్తయిన లిలాక్ అనే 20 ఇళ్ల కో-హౌసింగ్‌లో ఒక్కో కుటుంబం తన నికర ఆదాయంలో 35 శాతం కడుతుంది. వెళ్లిపోయేటప్పుడు వచ్చే వాటా ఇంటి ధరలతో పెరగదు, జీతాల పెరుగుదలతో ముడిపడి ఉంటుంది. అక్కడ కూడా ఇంటి సైజును బట్టి కనీస ఆదాయం ఉండాలన్న షరతు ఉంది, అడుగున ఉన్నవాళ్లు దాన్ని దాటలేరు. నస్పూర్ కాంట్రాక్ట్ కార్మికుడి జీతంలోంచి 35 శాతం తీస్తే బియ్యం, ఫీజులు, మందులు ఎక్కడి నుంచి వస్తాయి? పద్ధతి తీసుకోవాలి, అంకె ఇక్కడి జీతాలు చూసి వేయాలి.

జాగ లేనివాళ్ల కోసం నస్పూర్‌లో ఏదైనా కడితే భూమిని ఎవరికీ అమ్మకండి. భూమి ప్రభుత్వానిదిగా, ఇళ్లు కార్మికుల సహకార సంఘానివిగా, కిరాయి ఆదాయంలో వాటాగా ఉండనివ్వండి. వెళ్లిపోయే కుటుంబం కట్టింది వాపసు తీసుకోవాలి, లాభం ఇంట్లోనే ఉండిపోవాలి. ఇంటి కేటాయింపు బహిరంగంగా డ్రా తీసి చేయండి, ఈ కుటుంబం మాకొద్దు అనే అధికారం పాత సభ్యులకు ఇవ్వకండి. దళిత, ఆదివాసీ, ముస్లిం కుటుంబాలు, ఒంటరి ఆడవాళ్లు, హిజ్రాలు కాలనీ చివర ఒక వరుసలో కాకుండా అన్ని వరుసల్లో ఉండాలి. ఉమ్మడి వంటగది పెడితే దాన్ని మహిళా సంఘానికి జీతం వచ్చే పనిగా అప్పగించండి. ఏది వండాలో, వండకూడదో చెప్పే నిబంధన ఒక్కటి కూడా రాయకండి. అన్నిటికంటే ముందు షిఫ్టు వేళలకు తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రం కట్టండి. పొద్దున చీకట్లో పనికి పోయే తల్లికి భోజనశాల కంటే అదే ఎక్కువ అవసరం. కొత్తగా కట్టే ముందు మీ శాఖ, సింగరేణి కూర్చుని ఖాళీగా ఉన్న క్వార్టర్ల లెక్క బయటపెట్టాలి. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం వాటా ఉంది, ఆ మాట అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది.

దరఖాస్తు గురించి చివరగా ఒక సంగతి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా ఈ కార్మికుల గుర్తింపు కార్డు మారుతుంది, కొన్నాళ్లు అసలు కార్డే ఉండదు. కిరాయి ఇల్లు మారినప్పుడల్లా చిరునామా మారుతుంది. పని చేస్తున్న చోటుకు, ఉంటున్న ఇంటికి రుజువు తెమ్మంటే మొదటి రోజే సగం మంది కౌంటర్ దగ్గరి నుంచి వెనక్కి తిరుగుతారు. పీఎఫ్ ఖాతా నంబరునో, తోటి కార్మికుల సాక్ష్యాన్నో రుజువుగా తీసుకోవాలని ఉత్తర్వులోనే రాయించండి. దరఖాస్తులు తీసుకునే కౌంటర్‌ను నస్పూర్ కలెక్టరేట్‌లో రెండో షిఫ్టుకు పోయేవాళ్లు పొద్దున, మొదటి షిఫ్టు దిగినవాళ్లు సాయంత్రం వచ్చేలా తెరిపించండి.

ఇట్లు,
నస్పూర్ నుంచి ఒక పౌర కుటుంబం